ఒకే పేరున్న ఊళ్లు, వ్యాసాల చివర కుప్పపడే విశేషాలు: మన విజ్ఞాన సర్వస్వంలో సరిదిద్దుకోవలసినవి

సంపాదకులకు నమస్కారములు.

చంద్రగిరి అనగానే తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారికి కొండ కింద ఉన్న రాజమహలే గుర్తుకు వస్తుంది. అయితే కేరళలో కాసరగోడు దగ్గర చంద్రగిరి పేరుతో ఒక నది, ఆ నది ఒడ్డున ఒక కోట ఉన్నాయి. కర్ణాటకలోని శ్రవణబెళగొళలో బాహుబలి విగ్రహం ఉన్న వింధ్యగిరికి ఎదురుగా ఉన్న కొండ పేరు చంద్రగిరి. నేపాల్‌లో కాఠ్మండూ లోయ అంచున ఉన్న కొండలకూ అదే పేరు. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఇంకొక చంద్రగిరి ఉంది. పోనీ, మన చంద్రగిరి ఒక్కటే తీసుకున్నా పట్టణం వేరు, కోట వేరు, మండలం వేరు, శాసనసభ నియోజకవర్గం వేరు. ఇన్నింటికీ చెందిన సమాచారం ఒకే పేరు కింద వచ్చి పడినప్పుడు ఏది దేనికి చెందినదో తేల్చి, చదివేవారిని సరైన చోటికి పంపడం తెలుగు వికీపీడియా వంటి, ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వంలో మొదటి బాధ్యత. వ్యాసాల చివర ‘విశేషాలు’, ‘ఇతర విశేషాలు’ అన్న శీర్షికల కింద తలా తోకా లేకుండా పోగుపడే చిల్లర సంగతులను ఏం చేయాలన్నది రెండవది. ఈ రెండింటి గురించి మీ పత్రిక ద్వారా మన రెండు జిల్లాల పాఠకులతోనూ, మీ విలేకరులతోనూ కొన్ని మాటలు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గ్రంథాలయ సేవలో ఉద్యోగజీవితం గడిపినవాడిని. పదవీ విరమణ తరువాత తెలుగు వికీపీడియాలో మన ప్రాంతపు ఊళ్ల వ్యాసాలను సరిచూడడం నా వ్యాపకమయింది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వాన్ని ఇప్పుడు బడిపిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవారు, పత్రికల వారు, చివరకు మాట్లాడితే జవాబిచ్చే ఫోన్లు కూడా ఆధారం చేసుకుంటున్నాయి. అందులో ఒక వాక్యం తప్పు చోట ఉంటే అది అక్కడితో ఆగదు.

ఒకే పేరుతో పలు విషయాలు ఉన్నప్పుడు దారి చూపడానికి తెలుగు వికీపీడియాలో ‘అయోమయ నివృత్తి’ పుట అనే ఏర్పాటు ఉంది. ఆ పుట వ్యాసం కాదు. అక్కడ చరిత్ర రాయకూడదు, బొమ్మలు పెట్టకూడదు, మూలాల జాబితా ఇవ్వకూడదు. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పంక్తి, ఆ పంక్తిలో అసలు వ్యాసానికి ఒక్క లింకు, అది ఏమిటో తెలిసేలా నాలుగు మాటలు ఉంటే చాలు. చదివేవారు అక్కడ నిలబడి చదువుకోవడానికి రారు, దాటిపోవడానికి వస్తారు. పాఠకుని సమయాన్ని ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాలలో నాలుగవది. ఈ పుటలన్నీ ఆ సూత్రం కోసమే ఉన్నాయని నా నమ్మకం. కానీ ఉత్సాహం కొద్దీ కొందరు ఒక్కొక్క పంక్తినీ ఒక్కొక్క పేరాగా పెంచుతారు. రెండేళ్లు గడిచేసరికి అది ఎవరికీ దారి చూపని, దేనినీ పూర్తిగా చెప్పని పుటగా మిగులుతుంది.

ఇందులో అన్నిటికంటే ఎక్కువ తగవు తెచ్చేది మరొక ప్రశ్న. పక్కన బ్రాకెట్టులో జిల్లా, మండలం వంటి వివరం ఏదీ లేని ఉత్త పేరును ఎవరికి ఇవ్వాలి? తిరుపతి అన్న పేరు నగరానికి ఇచ్చి, జిల్లాకు ‘తిరుపతి జిల్లా’ అని, లోక్‌సభ నియోజకవర్గానికి ఆ మాట చేర్చి పేరు పెట్టడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. నగరం ముందు పుట్టింది, మిగిలినవన్నీ దాని పేరు తీసుకున్నవే. ‘వేటూరి’ దగ్గరికి వచ్చేసరికి సంగతి అంత తేలిక కాదు. తెలుగు దేశమంతటా వేటూరి అంటే పాటల రచయిత సుందరరామమూర్తి గారే. తిరుపతిలో పాత తరం వారిని అడిగితే మాత్రం 1950లో కన్నుమూసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారిని తలచుకుంటారు. తాళ్లపాక కవుల రాగిరేకుల మీది సంకీర్తనలను పరిష్కరించి లోకానికి అందించినవారిలో ఆయన ముఖ్యులు, ఆ పని ఈ ఊళ్లోనే జరిగింది. వెతికేవారి సంఖ్యను చూస్తే పేరు ఒకరిది, చేసిన పని ఎంతకాలం నిలుస్తుందని ఆలోచిస్తే రెండవవారికీ అంతే హక్కు. వికీపీడియా పద్ధతి ప్రకారం ఈ రెండు కొలతలనూ చూడాలి, రెండూ ఒకరి వైపే మొగ్గకపోతే ఉత్త పేరును ఎవరికీ ఇవ్వకుండా దానిని అయోమయ నివృత్తి పుటగానే ఉంచాలి. నా అభిప్రాయంలో ‘వేటూరి’ విషయంలో అదే న్యాయం. ఇద్దరినీ పూర్తి పేర్లతో వ్యాసాలుగా ఉంచితే ఎవరి గౌరవానికీ లోటు రాదు.

చంద్రగిరి విషయంలో మాత్రం ఉత్త పేరు మన పట్టణానిదే కావాలని నేను గట్టిగా అంటాను. ఇది సొంత ఊరి మీది అభిమానంతో అంటున్న మాట కాదు. తెలుగులో చదివేవారు ఆ పేరుతో వెతికేది అరవీటి రాజుల రాజధానినే. మలయాళ విజ్ఞాన సర్వస్వంలో అదే పేరు కాసరగోడు నదికి చెందితే మనం నొచ్చుకోవలసిన పని లేదు. ఏ భాష పాఠకులకు ఏది ముందుగా కావాలో ఆ భాష వారే తేల్చుకోవాలి.

కొందరు చేసే మరొక పని, పేరులో ఆ మాట ఎక్కడ కనిపించినా తెచ్చి అయోమయ నివృత్తి పుటలో చేర్చడం. తిరుపతి వేంకట కవులను తిరుపతి పుటలో చేర్చడం అటువంటిది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గార్ల పేర్లు కలిసి ఏర్పడిన ఆ జంట పేరులో తిరుపతి అన్నది మనిషి పేరు. వారిని వెతికేవారెవరూ ఉత్తగా తిరుపతి అని టైపు చేయరు. చిత్తూరు నాగయ్య గారి పేరు చిత్తూరు పుటలో కాక, నాగయ్య అన్న పేరున్న వారందరినీ చూపే పుటలో ఉండాలి. చిత్తూరు పుటలో ఉండవలసింది మన పట్టణం, జిల్లా, నియోజకవర్గాలు, కేరళలోని పాలక్కాడు జిల్లా చిత్తూరు, ఇంకా ధ్వని పోలికతో పొరబడడానికి అవకాశమున్న రాజస్థాన్ చిత్తోర్‌గఢ్. ఏ పుటలో ఏది ఉండాలన్నది తేల్చడానికి, ఈ పేరును ఒక్కదానినే టైపు చేసిన మనిషి దేనికోసం వచ్చి ఉంటాడు అని ఆలోచిస్తే సరిపోతుంది.

ఇవన్నీ పండితుల పట్టింపులని తోసిపుచ్చేవారికి నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. పదవ తరగతి చదివే ఒక అమ్మాయి మన పాకాల గురించి బడి ప్రాజెక్టు చేసి గ్రంథాలయానికి తెచ్చింది. అందంగా అతికించిన అట్ట మీద రైల్వే జంక్షన్ ఫొటో, దాని కింద ధర్మవరం నుంచి వచ్చే లైను గూడూరు–కాట్పాడి లైనులో ఇక్కడ కలుస్తుందన్న వాక్యం ఉన్నాయి. అంతవరకు సరే. ఆ పక్కనే కాకతీయ గణపతిదేవుని కాలంలో ఇక్కడ పెద్ద చెరువు తవ్వించారని, చుట్టూ వన్యప్రాణుల అభయారణ్యం ఉందని రాసి ఉంది. ఆ చెరువు వరంగల్ వైపు నర్సంపేట దగ్గర ఉన్న పాకాల చెరువు. ఆ పిల్ల తండ్రి పాకాల వాడే. ‘మా ఊళ్లో అంత చెరువు ఎక్కడుందమ్మా?’ అని ఆయన అడిగితే, నెట్‌లో ఉందని చెప్పిందట. తప్పు పిల్లది కాదు. రెండు ఊళ్లకు ఒకే పేరున్నప్పుడు ప్రతి వ్యాసం నెత్తిన ‘ఇదే పేరు గల ఇతర వ్యాసాల కొరకు ఫలానా పుట చూడండి’ అన్న ఒక్క పంక్తి ఉంటే ఆమె అక్కడే ఆగి ఉండేది.

ఈ కలగాపులగం ఇప్పుడు మునుపటి కంటే వేగంగా వ్యాపిస్తుంది. 2012లో మొదలైన, వికీపీడియాకు అనుబంధంగా ఉన్న సమాచార భాండాగారం వికీడేటాలో ప్రతి ఊరికీ, ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఉంటుంది. ఊరి అక్షాంశ రేఖాంశాలు, జనాభా, ఫొటో వంటివి ఆ సంఖ్య కింద చేరతాయి. వివిధ భాషల వ్యాసాలు దాని ద్వారానే ఒకదానితో ఒకటి ముడిపడతాయి. మన పుత్తూరును, ఎముకల కట్టుకు పేరు పడిన పుత్తూరును, పొరపాటున కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లా పుత్తూరు సంఖ్యకు ముడివేస్తే, ఆ ఊరి జనాభా, ఆ ఊరి పటం మన వ్యాసంలోకి వచ్చి కూర్చుంటాయి. త్రిస్సూరు దగ్గర ఒక పుత్తూరు, శ్రీలంకలో యాళ్పాణం (జాఫ్నా) దగ్గర ఒక పుత్తూరు కూడా ఉన్నాయి. రాసినవారు వ్యాసంలో ఒక్క అక్షరం తప్పు రాయకపోయినా వ్యాసం తప్పుల తడక అవుతుంది. కనుక కొత్తగా ఊరి వ్యాసం మొదలుపెట్టేవారు రాయడానికి ముందు ఆ ముడిని సరిచూసుకోవాలి, రాయడం అయ్యాక పటంలో చుక్క ఎక్కడ పడిందో మరొకసారి చూడాలి.

ఇక పల్లెల సంగతి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు నిలబడవలసి ఉంది, ఎందుకంటే మన రెండు జిల్లాలలో ఈ చిక్కు మిగిలిన చోట్ల కంటే ముదిరింది. రామాపురాలు, కొత్తపల్లెలు, వెంకటాపురాలు లేని మండలం అరుదు. బస్టాండులో ‘కొత్తపల్లెకు ఒక టికెట్’ అని అడిగితే కండక్టరు ‘ఏ కొత్తపల్లె?’ అని తిరిగి అడిగినట్లే విజ్ఞాన సర్వస్వమూ అడగాలి. ఆ జవాబును వ్యాసం పేరులోనే బ్రాకెట్టులో ఇవ్వడం పద్ధతి. ఆ బ్రాకెట్టులో జిల్లా పేరు పెట్టాలా, మండలం పేరు పెట్టాలా అన్న దగ్గర మన ప్రాంతపు అనుభవం అందరికీ పనికివస్తుంది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న ముక్కలయింది. తిరుపతి, శ్రీకాళహస్తి, చంద్రగిరి, సత్యవేడు వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. ఆ ఒక్క రోజున రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ‘ఫలానా పల్లె (చిత్తూరు జిల్లా)’ అన్న పేర్లలో చాలా వాటికి ఆ రోజుతో కాలం చెల్లింది. జిల్లాల సరిహద్దులు మారినప్పుడల్లా వ్యాసాల పేర్లు మార్చడం, పాత పేరుకు చూపే లింకులన్నీ సరిచేయడం అంతులేని పని.

మండలాలు 1985 నుంచి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ వరకు వాటి హద్దులు జిల్లాల కంటే చాలా నిలకడగా ఉన్నాయి. అందువల్ల పల్లె పేరు పక్కన మండలం పేరు పెట్టడం మేలని నా అభిప్రాయం. తెలంగాణలో 2016లో జిల్లాలతో పాటు మండలాలు కూడా పెరిగినందున అక్కడ ఇది అంత తేలికగా కుదరదు, అది నేను ఒప్పుకొంటాను. మండలాలకే ఒకే పేరున్న చోట్ల జిల్లా పేరు తప్పదు. తిరుపతికి ఆనుకుని రామచంద్రాపురం మండలం ఉంది, గోదావరి సీమలో రామచంద్రపురం ఉంది, హైదరాబాదు పక్కన మరొక రామచంద్రాపురం ఉంది. పలమనేరు దగ్గర గంగవరం మండలం ఉంది, తూర్పు కనుమల మన్యంలో గంగవరం మండలం ఉంది, విశాఖపట్నంలో గంగవరం ఓడరేవు ఉంది. ఓడరేవు గురించిన వార్త ఒకటి పలమనేరు గంగవరం వ్యాసంలోకి వచ్చి చేరితే, సముద్రానికి ఇంత దూరాన ఉన్న మండలంలో ఓడలు ఆగుతున్నట్లు అవుతుంది. ఇటువంటి చోట వ్యాసంలో 2011 జనగణన ఆ గ్రామానికి ఇచ్చిన ఆరు అంకెల కోడును కూడా ఇస్తే ఎవరు ఎప్పుడు చూసినా అది ఏ ఊరో తేలిపోతుంది. మనుషులకు పేర్లు కలిసినప్పుడు గ్రంథాలయ సూచికలలో పుట్టిన సంవత్సరం పక్కన వేస్తాము. ఊళ్లకు ఆ పని ఈ కోడు చేస్తుంది.

ఒకే చోటుకు రెండు పేర్లుండడం దీనికి తిరగేసిన చిక్కు, కానీ పరిష్కారం తేలిక. వాయల్పాడు అన్నా వాల్మీకిపురం అన్నా ఒకే ఊరు. హార్సిలీ హిల్స్ అన్నా ఏనుగు మల్లమ్మ కొండ అన్నా ఒకే కొండ. మదనపల్లె అని రాసేవారూ మదనపల్లి అని రాసేవారూ ఉన్నారు. ఒక పేరుతో వ్యాసం ఉంచి, మిగిలిన పేర్లనుంచి ఆ వ్యాసానికే తీసుకువెళ్లే దారిమార్పు పెడితే సరి.

ఇప్పుడు చిల్లర విశేషాల సంగతికి వస్తాను. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టినప్పుడు ప్రతి పుటకూ కాగితం ఖర్చు ఉండేది, అచ్చు ఖర్చు ఉండేది. ఆయన 1923లో కన్నుమూసేనాటికి సంపుటాలు ‘అ’ అక్షరాన్ని దాటలేదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఆనాడు ఖర్చే కొంతవరకు తేల్చేది. అంతర్జాలంలో ఆ అడ్డు లేదు. ఎవరికి తోచిన వాక్యం వారు చివర చేర్చవచ్చు, చేరుస్తున్నారు కూడా. అలా చేరిన వాక్యాలన్నీ పనికిరానివని నేను అనను. వాటిలో మేలిమి సంగతులు ఉంటాయి. అవి తమకు చెందని చోట ఉన్నాయన్నదే నా బాధ.

మదనపల్లె ఉదాహరణ తీసుకుంటాను. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు ఉన్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడే. ఆ కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాశారు. దీనిని ‘విశేషాలు: జనగణమన అనువాదం ఈ ఊళ్లోనే జరిగింది’ అని ఒక చుక్క పెట్టి చివర వదిలేస్తే అది క్విజ్ ప్రశ్నకు తప్ప దేనికీ పనికిరాదు. అదే సంగతిని మదనపల్లె వ్యాసంలో ఊరి విద్యాసంస్థల చరిత్రలో, దివ్యజ్ఞాన సమాజం ఇక్కడికి ఎలా వచ్చింది, కళాశాల ఎలా నిలబడింది అన్న కథలో చెబితే, ఠాగూర్ ఈ చిన్న ఊరికి ఎందుకు వచ్చారో చదివేవారికి అర్థమవుతుంది. 1895లో జిడ్డు కృష్ణమూర్తి గారు పుట్టింది ఈ ఊళ్లోనే అన్న సంగతి, దగ్గరలోని రిషీవ్యాలీ విద్యాలయం సంగతి కూడా అదే కథలో కలుస్తాయి. జనగణమన వ్యాసంలో ఇది ముఖ్యమైన ఘట్టం, అక్కడ పూర్తి పేరా కావాలి. ఠాగూర్ జీవిత వ్యాసంలో ఒక్క వాక్యం చాలు. చిత్తూరు జిల్లా వ్యాసంలో అసలు అక్కర లేదు. ఒకే సంగతికి నాలుగు చోట్ల నాలుగు బరువులు ఉంటాయి. ఆ బరువు చూసి రాయడమే సంపాదకత్వం, ఆ మాట మీకు నేను చెప్పనక్కరలేదు.

చంద్రగిరి రాజమహల్ వ్యాసంలో కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారన్న వాక్యాన్ని నిర్మాణం గురించిన పేరాలోకి తీసుకువెళ్లాలి. మద్రాసులో ఇంగ్లీషువారికి స్థలం ఇచ్చిన ఒప్పందం ఈ మహల్లోనే జరిగిందని మా ప్రాంతంలో గట్టిగా చెప్పుకుంటారు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు స్థలం ఇచ్చిన సంగతి, ఆనాటి చంద్రగిరి ప్రభువుల పైఅధికారం చరిత్రకు చెందినవి. మహల్లోనే సంతకాలు అయ్యాయన్న మాట స్థానికంగా చెప్పుకునేది. రెండింటినీ ఉంచవచ్చు, కానీ ఏది ఏ ఆధారం మీద నిలబడిందో వాక్యంలోనే తెలియాలి.

తిరుమలకు సంబంధించిన వ్యాసాలలో ఈ జాగ్రత్త మరీ కావాలి. శ్రీకృష్ణదేవరాయలు 1513, 1521 సంవత్సరాల మధ్య ఏడుసార్లు స్వామివారిని దర్శించుకున్నారు. ప్రతిసారీ ఏమి సమర్పించారో శాసనాలున్నాయి, ఆ శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వంటి వారు చదివి పరిష్కరించారు, రాయలవారు దేవేరులతో నిలిచిన విగ్రహాలు ఆలయంలో ఉన్నాయి. ఆ దర్శనాలను బట్టి ఆలయ చరిత్ర, విజయనగర చరిత్ర రెండూ తెలుస్తాయి. ఈనాడు ఒక నటుడో, క్రీడాకారుడో వీఐపీ విరామ దర్శనంలో స్వామివారిని సేవించుకుంటారు. రంగనాయకుల మండపంలో వేదపండితులు ఆశీర్వచనం చేసి, తీర్థప్రసాదాలు అందజేస్తారు. మరునాడు పత్రికలో ఫొటో వస్తుంది. ఆ సాయంత్రానికే ఆ మనిషి జీవిత వ్యాసంలో ‘తిరుమల శ్రీవారిని దర్శించుకున్నారు’ అన్న వాక్యం, పత్రిక లింకు మూలంగా చేరుతుంది. మూలం ఉంది, సంగతి నిజం. అయినా అది ఆ వ్యాసంలో ఉండదగినది కాదు. ఏటా కోట్ల మంది చేసుకునే దర్శనం ఆ మనిషి వృత్తి గురించి, జీవితం గురించి చెప్పేది ఏమీ లేదు. నిజమైన ప్రతిదీ విజ్ఞాన సర్వస్వంలో ఉండాలని లేదన్నది ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి అన్నిటికంటే కష్టంగా తోచే నియమం.

తలకోన, హార్సిలీ హిల్స్ వ్యాసాలలో అక్కడ షూటింగ్ జరుపుకున్న సినిమాల జాబితాలు పెరుగుతూ పోవడం కూడా ఇలాంటిదే. ఒక సినిమా వల్ల ఆ చోటుకు వచ్చేవారు పెరిగారనో, అటవీశాఖ కొత్త నిబంధన పెట్టిందనో ఆధారం ఉంటే చెప్పాలి. లేకుంటే ఆ సంగతి సినిమా వ్యాసంలో ఉంటే చాలు.

ఇక ఫోన్లలో ఏళ్ల తరబడి తిరిగే ‘శ్రీవారి ఆలయ రహస్యాలు’ వంటి జాబితాలు. ఊరూ పేరూ లేని ఆ జాబితాలను భక్తితోనే తెచ్చి వ్యాసంలో పెడుతున్నారని నాకు తెలుసు. నేనూ స్వామివారి పాదాల చెంత పుట్టి పెరిగినవాడినే. అయితే ఆలయ సంప్రదాయానికి ఆగమాలున్నాయి, అర్చక పరంపర ఉంది, వెయ్యేళ్లకు పైబడిన శాసనాలున్నాయి, దేవస్థానం వెలువరించిన పుస్తకాలున్నాయి. వాటిలో దొరికేదానిని ఆ గ్రంథం పేరుతో చెప్పినప్పుడు విశ్వాసానికి గౌరవం దక్కుతుంది. ఎవరు రాశారో తెలియని జాబితాను స్వామివారి పేరు మీద ఉంచడం ఆ పేరుకు తగదు.

ఈ శీర్షికలు కనిపించగానే గంపగుత్తగా తుడిచిపారేసేవారు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. వికీపీడియా మార్గదర్శకాలు కూడా అలా చెప్పవు. ఒక్కొక్క వాక్యాన్నీ చూసి, ఆధారం ఉన్నదానిని తగిన పేరాలోకి మార్చి, ఆధారం లేనిదానిని, వ్యాసానికి జతగా దిద్దుబాట్ల గురించి మాట్లాడుకోవడానికి ఉండే చర్చ పుటలో పెట్టి కొన్నాళ్లు ఆగాలి. ఆ వాక్యం రాసినది బహుశా ఆ ఊరి యువకుడే, తన ఊరి గురించి అతను మొదటిసారి రాసినది అదే కావచ్చు. తెల్లవారేసరికి అది మాయమైతే అతను మళ్లీ రాడు. ‘ఈ సంగతికి ఎక్కడైనా ఆధారం దొరుకుతుందా? దొరికితే చరిత్ర పేరాలో చేరుద్దాం’ అని అతని చర్చ పుటలో రెండు మాటలు రాస్తే, వారం తిరగకుండానే ఊరి గుడిలో శాసనం ఫొటో తెచ్చి పెట్టినవారు ఉన్నారు.

పేర్ల చిక్కు, విశేషాల చిక్కు ఒకే చోట కలిసేది ‘అన్నమయ్య’ అన్న పేరు దగ్గర. 1503లో పరమపదించిన పదకవితా పితామహుడు, 1997లో వచ్చిన సినిమా, చెయ్యేరు మీది ప్రాజెక్టు, 2022లో ఏర్పడిన జిల్లా, అన్నీ ఆ పేరుతోనే ఉన్నాయి. సినిమాలోని సన్నివేశాలు కవి జీవితంలో జరిగినవిగా ఆయన వ్యాసంలోకి ఎక్కుతాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ చోటు కడప జిల్లా, అన్నమయ్య జిల్లా అప్పటికి ఇంకా పుట్టలేదు. పేరు చూసి ఆ విషాదాన్ని ‘అన్నమయ్య జిల్లాలో జరిగిన’ సంఘటన అని రాసేస్తే, ఆనాటి ప్రభుత్వ నివేదికలలో వెతికేవారికి ఏమీ దొరకదు. ఏ సంఘటననైనా అది జరిగిన నాటి జిల్లా పేరుతో చెప్పి, ఆ తరువాతి మార్పును పక్కన చెప్పడం మంచిది.

చివరగా పత్రికలతో ఒక మనవి. ఊళ్ల వ్యాసాలకు మూలాలుగా దొరికేవి చాలావరకు మీ జిల్లా పుటలే. అందులో ‘రామాపురంలో వీరగల్లు బయటపడింది’ అని వార్త వస్తుంది, మండలం పేరు ఉండదు. ఆ రోజు ఆ పుట చదివే స్థానికులకు అది తెలుస్తుంది, పదేళ్ల తరువాత చదివేవారికి తెలియదు. డేట్‌లైనులో ఉన్న మండల కేంద్రం పేరు అంతర్జాల ప్రతిలో చాలాసార్లు రాలిపోతుంది. ఊరి పేరు మొదటిసారి వచ్చిన చోట మండలం పేరు తప్పక వేయండి. రెండవది, ‘మీకు తెలుసా’ తరహా బాక్సులలో వేసే సంగతులకు అవి ఎక్కడివో ఒక్క ముక్క చెప్పండి. ఆధారం లేని వాక్యాన్ని వికీపీడియా నుంచి పత్రిక తీసుకోవడం, ఆ పత్రికనే ఆధారంగా చూపి వికీపీడియా ఆ వాక్యాన్ని స్థిరపరచుకోవడం జరిగితే, ఆ తప్పును పెకలించడం ఎవరి తరమూ కాదు. మూడవది, పాత వార్తల లింకులు కొన్నాళ్లకు పనిచేయకుండా పోతున్నాయి. వాటి చిరునామాలను మార్చకుండా ఉంచగలిగితే మన రెండు జిల్లాల చరిత్ర రాసేవారికి మీరు చేసే మేలు చిన్నది కాదు.

పాఠకులలో ఆసక్తి ఉన్నవారు తమ ఊరి వ్యాసాన్ని ఒకసారి తెరిచి, పటంలో చుక్క సరైన చోటే ఉందో లేదో, జనాభా తమ ఊరిదేనా, మండలం పేరు సరిగా ఉందా అని చూడవలసిందిగా కోరుతున్నాను. రామచంద్రాపురం, గంగవరం, పుత్తూరు, గూడూరు వైపు వారు ముందుగా చూస్తే మంచిది. గూడూర్లు కర్నూలు, కృష్ణా జిల్లాలలోనూ, వరంగల్ వైపునా కూడా ఉన్నాయి. తప్పు కనబడి, దిద్దడం తెలియకపోతే ఆ వ్యాసపు చర్చ పుటలో రాసి వదిలినా, రాసేవారందరూ కలిసి చర్చించుకునే రచ్చబండ పుటలో అడిగినా చూసి సరిచేసేవారు ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
తిరుపతి.